నీళ్లు ఎక్కువైతే చచ్చే మొక్క

కొత్త మొక్కను తెస్తాం. కుండీలో పెడతాం. రోజూ చెంబెడు నీళ్లు పోస్తాం. మల్లెకు, మందారానికి అది మంచిదే. కాని అలా పోస్తే చచ్చిపోయే మొక్క ఒకటి ఉంది.

అది గుండ్రంగా పీపాలాగా ఉంటుంది. ఒంటినిండా ముళ్లు. ఇంగ్లీషులో బ్యారెల్ కాక్టస్ అంటారు. బ్యారెల్ అంటే పీపా. మనం పీపా జెముడు అందాం. పసుపుపచ్చ ముళ్ల రకం చాలా అందంగా ఉంటుంది. కడియం నర్సరీల్లో దొరుకుతుంది. కూలి డబ్బుల్లోంచి కొన్న మొక్క కుళ్లిపోతే కడుపు మండదా?

ఈ పచ్చముళ్ల జెముడు పుట్టిల్లు మెక్సికో దేశం. అక్కడ రాతి కొండల మీద పెరుగుతుంది. వానలు తక్కువ. వాన పడితే వేళ్లు గబగబా నీళ్లు తాగుతాయి. మొక్క ఒంటికి చీర కుచ్చిళ్లలాగా మడతలు ఉంటాయి. నీళ్లు దొరికితే అవి విప్పుకుంటాయి. నీళ్లు తగ్గితే ముడుచుకుంటాయి. దీనికి ఆకులు లేవు. ఆకులే ముళ్లుగా మారాయి. అందుకే నీరు తొందరగా ఆవిరైపోదు. అక్కడివాళ్లు దీన్ని 'అత్తగారి పీట' అంటారు. ఆ పేరు పెట్టింది కోడలో, అల్లుడో!

1990ల్లో అక్కడ జిమపాన్ ఆనకట్ట కట్టారు. ఈ మొక్కలు పెరిగే నేల కొంత నీట మునిగింది. అమ్ముకోడానికి కొండల మీంచి పెరికినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కొండల మీద తక్కువే మిగిలాయి. నర్సరీల్లో మాత్రం గింజలతో పెంచుతున్నారు.

ఇంట్లో పెంచాలంటే మట్టి కుండీ మంచిది. అడుగున చిల్లు తప్పకుండా ఉండాలి. చిల్లు మీద పెంకుముక్క పెట్టండి. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు తోట మట్టి కలపండి. బాగా చివికిన ఎరువు గుప్పెడు చాలు. నల్లరేగడి వద్దు. అది నీటిని పట్టి ఉంచుతుంది. సముద్రపు ఇసుకా వద్దు, ఉప్పు ఉంటుంది. నాటేటప్పుడు మొక్కకు గోనెపట్టా చుట్టి పట్టుకోండి. నాటాక వారం రోజులు నీళ్లు పొయ్యకండి.

నీళ్లు ఎప్పుడు పొయ్యాలి? చీపురుపుల్లను మట్టిలో లోతుగా గుచ్చి తియ్యండి. తడి మట్టి అంటుకుంటే ఇంకా ఆగండి. ఎండాకాలంలో 10, 15 రోజులకు ఒకసారి పోస్తే సరిపోతుంది. చలికాలంలో నెలకు ఒకసారి. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపండి. ఎండ కావాలి. కాని నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో పెడితే ఒళ్లు కాలి మచ్చలు పడతాయి. రోజుకు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి.

“ఏమే కోడలా, మొక్క మొదట్లో మెత్తబడింది. నీళ్లు చాల్లేదేమో?”

“లేదత్తా, ఎక్కువయ్యాయి. వేళ్లు కుళ్లుతున్నాయి.”

“అయితే పారెయ్యాల్సిందేనా?”

“ఉండత్తా. పైకి తీసి నల్లబడ్డ వేళ్లు కోసేద్దాం. వారం రోజులు నీడలో ఆరనిద్దాం. మళ్లీ పొడి ఇసుకమట్టిలో పెడదాం.”

కోడలు చెప్పింది నిజమే. అయితే కుళ్లు మొక్క నడిమికి పాకితే ఇక బతకదు.

పిల్లలు ఆడుకునే చోట ఈ కుండీ పెట్టకండి. ముల్లు గుచ్చుకుంటే చిమటాతో తియ్యండి. మన చేల గట్ల మీద ఉండే బొంతజెముడు, ఆకుజెముడు వేరు. వాటిని గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

పీపా జెముడు తొందరగా పూయదు. చాలా ఏళ్లు పడుతుంది. బాగా పెద్దదయ్యాక నడినెత్తిన పచ్చని పూలు పూస్తుంది.

చెప్పండి, రాయండి:
నల్లరేగడి ఎందుకు వద్దు?
మట్టి తడి ఎలా తెలుసుకోవాలి?
మీ ఊళ్లో పాలు కారే జెముళ్లు ఏవి? పేర్లు రాయండి.