పరుగుకు ముందు ఏం తినాలి?

మొన్న ఆటల పోటీలకు రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు డబ్బాలో పొడి నీళ్ళల్లో కలుపుకు తాగి, "ఇది తాగితే అలుపే రాదు" అన్నాడు. మనవాళ్ళు నలుగురు చందాలు వేసుకుని ఆ డబ్బా కొందామంటున్నారు. కొనేముందు ఈ పాఠం చదవండి.

కండరం ఎందుకు అలసిపోతుంది?
కండరం కదలాలంటే ఏ.టి.పి. అనే శక్తి పదార్థం కావాలి. అది రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. క్రియాటిన్ ఫాస్ఫేట్ ఇంకో పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. ఆ తరువాత ఖర్చయ్యేది కండరంలో దాగిన గ్లైకోజన్. అంటే మనం తిన్న అన్నం, చోడి అంబలే. దూరం పరుగెత్తాలంటే దానికి ఆక్సిజన్ తోడవ్వాలి. ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. ఇనుము తక్కువైతే కొంచెం దూరానికే ఆయాసం వస్తుంది, కాళ్ళు పీకుతాయి.

డబ్బాలో ఏముంటుంది?
చాలా పొడుల్లో ఉండేది కెఫీన్. కాఫీ, టీలలో ఉండేదే. అలసట సంగతి మెదడుకు తెలియనివ్వదు. పెద్దవాళ్ళ పరుగు దానివల్ల కొంత మెరుగుపడే మాట నిజమే. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టదు. మన వయసువాళ్ళకు వద్దనే డాక్టర్లు చెబుతారు. కొన్నింటిలో క్రియాటిన్ ఉంటుంది. అది రోజుల తరబడి వాడితేగాని కండరంలో చేరదు.

మన దగ్గరున్నది
వారం వారం ఇచ్చే నీలం మాత్ర కూడా సప్లిమెంటే! అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతుందని దాన్ని కిటికీ అవతల ఊసేస్తున్నాం. నేనూ ఊశాను. ఆ నేనే 1500 మీటర్లలో సగంలో కూర్చుండిపోయాను. ఈ మాత్ర పోటీ రోజు వేసుకుంటే పనిచేయదు. వారాలు పడుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. వెంటనే టీ తాగకూడదు. నిమ్మకాయ మంచిది.

సికిల్ సెల్ ఉన్నవాళ్ళు డాక్టరు గారిని అడిగాకే ఈ మాత్ర వేసుకోవాలి. నీళ్ళు తాగకుండా పరుగెత్తకూడదు. సంగతి పి.ఇ.టి. సారుకు ముందే చెప్పాలి.

పోటీ రోజు
2, 3 గంటల ముందు అన్నం. గంట ముందు అరటిపండు. మధ్య మధ్య నీళ్ళు. అంతే.

వార్డెన్ గారికి మనవి: మాత్రలు భోజనం అయ్యాక ఇప్పించండి సార్.

చందా వేసిన నలుగురికీ ఒక మాట: ఆ డబ్బుతో రావులపాలెం అరటిగెల కొందాం. టీమంతా తినొచ్చు!

– 9వ తరగతి విద్యార్థి