కుండలో సింధూరవృక్షము: మొక్క నెన్నుకొను విధము

తెలుగు బైబిలునందు సింధూరవృక్షమని మనము చదువునది ఆంగ్లేయులు ఓకు అని పిలుచు చెట్టు. ఇంగ్లాండులో నూరడుగుల యెత్తునకు పెరుగగల యీ మహావృక్షమును మూరెడు పొడవున పళ్లెములో పెంచు విద్యకు జపానువారు బోన్సాయి యని పేరిడిరి. ఇందు మొదట నెన్నుకొన్న మొక్క తగనిదైనచో ఇరువదియేండ్ల శ్రమయు వ్యర్థము కావచ్చును. కావున మొక్కను సంపాదించు మూడు మార్గములను విచారింతము.

మొదటిది విత్తనము. ఓకు కాయ యెండినచో మొలకెత్తు శక్తిని కోల్పోవును. కావున శరత్కాలమున రాలిన వెంటనే నాటవలెను. నీటిలో తేలునవి చాలవరకు పొల్లులు గాని పురుగు తిన్నవి గాని యగును, మునిగినవానిని నాటుడు. మొక్క మొదట తల్లివేరును లోతుగా దింపును. లేతప్రాయముననే దాని కొనను కత్తిరించినచో ప్రక్కవేళ్లు పుట్టును. ఈ మార్గమున ఖర్చు స్వల్పము. కాని మాను లావెక్కుటకు అనేక సంవత్సరములు పట్టును.

రెండవది మొక్కలమ్ము తోటలో కొన్నది. ఆకుల సొంపు చూచి మోసపోరాదు. పైమన్ను వ్రేలితో తొలగించి వేళ్లను పరీక్షింపుడు. వేళ్లు నలుదిక్కుల వ్యాపించి, మాను అడుగున లావై పైకి పోను పోను సన్నబడి, కొమ్మలు క్రిందనే పుట్టియున్నచో అది మంచి మొక్క. కుండలో చుట్టలు చుట్టుకొన్న వేళ్లు గలదానిని విడిచిపెట్టుడు.

మూడవది కొండనుండి త్రవ్వి తెచ్చినది. పశువులు మేసి గిడసబారిన ముదురు చెట్టునకు లావైన మాను సిద్ధముగానే యుండును. కాని అపాయమును ఇందే అధికము. నేల యజమానుని యనుమతి పొంది, శీతకాలాంతమున మొగ్గలు విచ్చకముందే త్రవ్వవలెను. వేళ్లతో కూడి బ్రదుకుచు వానికి తోడ్పడు శిలీంధ్రములు పాతమంటిలో నుండును గనుక దానిని కొంత నిలుపవలెను. మానునకు దగ్గరగా పీచువేళ్లు లేవని తెలిసినచో గోతిని మరల పూడ్చి వచ్చుటయే ఉత్తమము. మనకంటె ముందు పుట్టిన చెట్టును ఒక్కనాటి కోరికకై చంపుట విద్య కాదు.

ఇక జాతిభేదము. ఇంగ్లాండు ఓకు ఆకులు పెద్దవి. ఎంత కత్తిరించినను కొంతవరకే చిన్నవగును. కావున దానిని మరీ చిన్నదిగా పెంచినచో ఆకులకును మానునకును పొందిక కుదరదు. మధ్యధరా ప్రాంతపు బెండు ఓకు ఆకులు చిన్నవి, బెరడు దళసరి. కాని అది తీవ్రమైన మంచును ఓర్వలేదు.

విద్యార్థులారా, కొమ్మ వంకరను తీగె చుట్టి సవరింపవచ్చును; ఆకులు ఏటేట క్రొత్తవి వచ్చును. మొదలును వేళ్లును చెడినచో సవరించుట కడు కష్టము. కావున మొక్కను చూడబోవునప్పుడు దృష్టిని ముందుగా క్రిందికి నిలుపుడు.