బయానా ఇచ్చేముందు

అమలాపురం

చి. సౌ. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

కోనసీమలో రెండొందల గజాల స్థలం చూశామనీ, ఈసీ, లింకు దస్తావేజులు బాగానే ఉన్నాయని లాయరుగారు చెప్పారనీ రాశావు. సంతోషం. ఆ కాగితాలు భూమి ఎవరిదో చెబుతాయి. దాని మీదికి ఏ నీళ్లొస్తాయో, ఎటు పోతాయో చెప్పవు. కొల్లేరు సంగతే చూడు. అయిదో కాంటూరు దాకా 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు తెంచేశారు. జిరాయితీ పట్టా చేతిలో ఉన్న రైతులు కూడా చిక్కుల్లో పడ్డారు. డ్రైనేజీ శాఖలో నా ఉద్యోగమంతా గట్ల మీదే గడిచింది కాబట్టి, లాయరుగారు చూడని సంగతులు కొన్ని చెబుతాను.

ముందు, లేఅవుటు వేయకముందు అక్కడ ఏముండేదో కనుక్కో. వరిచేనైతే సరే. రొయ్యల చెరువైతే మాత్రం జాగ్రత్త. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు నిలిచిన బురద మీద నాలుగడుగుల మట్టి పోసి, మెరక చేసి, రాళ్లు పాతేస్తారు. పోసిన మట్టి దిగితే గోడలు బీటలిస్తాయి. ఉప్పు పునాదిలో ఇనుముని తినేస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలుంటాయి, ఆ చోటు వెతికి వెనక్కి వెళ్లి చూడు. పక్కింటి బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపు. తాగే నీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లవణాలు ఉండొచ్చు, వేరే దారి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. అదీ దాటితే జన్మంతా టిన్ను నీళ్లే.

సంక్రాంతికి వచ్చి చూసి బయానా ఇచ్చేయకు. బ్రోకర్లు చూపించేది అప్పుడే. మీరంతా ఊళ్లో ఉంటారు, నేలా ఆరి ఉంటుంది. ఆగస్టులో గోదావరి పోటెత్తినప్పుడో, అక్టోబరు వాయుగుండానికో రా. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలు దాటి వచ్చాయి. "ఎనభయ్యారులో నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అని ఊళ్లో పెద్దవాళ్లని అడుగు, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. స్థలం ఏటిగట్టుకి ఊరివైపుందో, లంకవైపుందో కూడా తేల్చుకో.

గ్రామ సర్వేయరు దగ్గర ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, నకలు తీసుకుని లేఅవుటు ప్లాను పక్కన పెట్టు. పాత పటంలో బోదె, మురుగు కోడు ఉన్నచోట కొత్త ప్లానులో రోడ్డో పార్కో కనిపిస్తే ఆ వెంచరు వదిలేయ్. బోదె పూడ్చినంత మాత్రాన వాన నీళ్లు రావడం మానవు.

మన నేల కింద గ్యాసు గొట్టాలున్నాయని మర్చిపోకు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గొట్టం పేలి ఇరవై మందికి పైగా పోయారు. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం గొట్టం పోయే పట్టీలో భూమి నీదే అయినా ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇది ఈసీలో కనపడకపోవచ్చు. చుట్టుపక్కల పైపులైను గుర్తు రాళ్లున్నాయేమో నడిచి చూడు, సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు ఆఫీసులో అడుగు.

తీరం దగ్గరయితే సీఆర్‌జెడ్, అంటే తీర ప్రాంత నియంత్రణ నిబంధనల గురించీ విచారించు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకానే కాదు, పోటు ఎక్కే పాయల ఒడ్డున కూడా ఆ నిబంధనలు వర్తిస్తాయి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ మీదుగా ఉప్పునీళ్లు ఎగదన్ని కొబ్బరితోటలే మోడువారాయి. దారిలో కొబ్బరిచెట్ల తలలు చూసుకుంటూ రా, నేల సంగతి సగం అవే చెబుతాయి.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకి రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు తప్పక అడుగు. ఉందని చెప్పి మిగతావి వదిలేయకు, అది మట్టిలో ఉప్పుని కొలవదు.

ఇవన్నీ నీ డబ్బు కోసం చెప్పినవి. ఇంకొకటుంది. నీ స్థలం మెరక చేస్తే అక్కడ నిలిచే నీళ్లు పక్క చేలో పడతాయి. సార్వా నాట్లు మునిగిన రైతు నీ గుమ్మంలోకే వస్తాడు, అతని మాటలో న్యాయం ఉంటుంది. నీళ్లు డ్రెయిన్‌లోకి పోయే దారి లేని వెంచరులో స్థలం చవగ్గా వచ్చినా కొనకు.

"రేపటికి రేటు పెరిగిపోద్దండీ" అని తొందరపెడితే పెరగనీ. సర్వే నంబరు, ప్లాను కాపీ నాకు వాట్సాప్‌లో పంపించు. ఈ వారం వానలు తగ్గకముందే వెళ్లి చూసొస్తాను.

ఇట్లు
మీ మావయ్య