బర్నబా వంటి స్నేహితురాలు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 4:36-37, 9:26-28, 11:22-30



సంఘంలో ఏదైనా పని మొదలైతే ముందు నిలబడేవారు అందరికీ కనబడతారు. వెనుక ఉండి నడిపించేవారు అంత త్వరగా కనబడరు. అటువంటి ఒకరిని గూర్చి వాక్యంలోనుండి, మరొకరిని గూర్చి మా అనుభవంలోనుండి ఈ నెల నేర్చుకుందాం.

వాక్యంలో

కుప్రలో పుట్టిన యోసేపు అనే లేవీయునికి అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు. ఆయన తన పొలం అమ్మి ఆ సొమ్ము సంఘానికి ఇచ్చాడు. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులందరూ భయపడ్డారు. అతనిని అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్ళినది బర్నబాయే. అంతియొకయలో సంఘం పెరిగినప్పుడు అంతా తానే చేయాలనుకోలేదు. తార్సుకు వెళ్ళి సౌలును వెదకి తీసుకువచ్చాడు. ఇద్దరూ కలిసి ఒక సంవత్సరం బోధించారు. కరువు రాబోతున్నదని అగబు తెలిపినప్పుడు శిష్యులు శక్తికొలది సహాయం పోగుచేసి, యూదయలోని సహోదరులకు వీరిద్దరి చేతనే పంపారు. మొదట బర్నబా పేరే ముందు ఉండేది. 13వ అధ్యాయం మధ్యనుండి చాలాచోట్ల పౌలు పేరు ముందుకు వచ్చింది. దానికి బర్నబా నొచ్చుకున్నట్టు ఎక్కడా రాయబడలేదు.

మా అనుభవంలో

స్త్రీల సమాజంతో కలిసి ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తరువాత గుడి ఆవరణలో బి.పి., షుగరు చూసే పని మొదలుపెట్టాము. మొదటి రోజు బ్యానరు, ఫోటోలు, ప్రసంగాలు ఉన్నాయి. నాలుగో నెలకు బ్యానరు చిరిగిపోయింది గాని పని ఆగలేదు. అందుకు కారణం మా స్నేహితురాలు, సండే స్కూలు టీచరుగా చేసిన ఒక అక్క.

ఆమె ఏనాడూ మైకు పట్టుకోలేదు. ఒక పెద్ద నోటుబుక్కు కొని పేర్లు, రీడింగులు రాసేవారు. ఆ నెల రానివారి ఇంటికి బుధవారం సాయంత్రం వెళ్ళి మాత్రల అట్ట చూపించమనేవారు. "బాగానే ఉన్నాను కదా అని మానేశాను" అన్న ఒక పెద్దాయనను తానే ఆటోలో మా ఓ.పి.కి తీసుకువచ్చారు. యౌవనస్థులకు మా చేత మిషను వాడడం నేర్పించి, ఎవరైనా మెచ్చుకుంటే "అంతా పిల్లలే చేశారు" అనేవారు.

రెండో సంవత్సరంలో ఒక ఆదివారం మా నర్సింగు విద్యార్థిని నోటుబుక్కు తిరగేస్తూ, "మేడమ్, ఆంటీ పేరు ఇందులో లేదేంటి?" అని అడిగింది. నలభైకి పైగా పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. "నాకేముంది సిస్టరమ్మా, ముందు వాళ్ళవి చూడండి" అన్నారు. బలవంతాన కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూస్తే 180/110. మళ్ళీ చూసినా అంతే. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. ఆ రోజే డాక్టరు గారు పరీక్షలు చేయించి మందులు మొదలుపెట్టారు. ఇంకా ఆలస్యమైతే పక్షవాతమో, గుండెపోటో వచ్చేదేమో. ప్రతి నెలా ఆమె పక్కనే కూర్చున్న మేము ఒక్కసారి కూడా ఆమెను చెయ్యి చాపమనలేదు. ఆ తప్పు మాది.

శాలువా కప్పి సన్మానం చేద్దామని కొందరన్నారు. ఆమె, "శాలువా వద్దమ్మా, బుధవారాలు నాతో ఎవరైనా రండి, చాలు" అన్నారు. ఇప్పుడు ఆ నోటుబుక్కును వీధులవారీగా విడదీసి నలుగురు పంచుకున్నారు. ఆమె వీధి పుస్తకంలో మొదటి పేరు ఆమెదే.

నేర్చుకోవలసినవి

1. మీ సంఘంలో మౌనంగా పనిచేసేవారిని గుర్తించండి. ఊరికే పొగడక, వారు చేసిన పని ఏమిటో చెప్పి కృతజ్ఞత తెలపండి.

2. వారి భారంలో ఒక భాగం మీరు తీసుకోండి. అన్నిటికంటే పెద్ద సన్మానం అదే.

3. సేవ చేసేవారికీ శరీరం ఉన్నది. బి.పి. తరచుగా ఏ బాధా లేకుండానే ఉంటుంది. 30 ఏళ్ళు దాటినవారు ఏటా ఒకసారైనా చూపించుకోండి. 140/90 లేక అంతకు మించి ఉంటే డాక్టరును కలవండి. బాగున్నాం కదా అని మాత్రలు మానవద్దు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ స్పూను, మించకూడదు.

ఈ ఆదివారం ఇంట్లో మాట్లాడుకోండి: మన సంఘంలో బర్నబా వంటివారు ఎవరు? వారు ఎలా ఉన్నారని మనం చివరిసారి ఎప్పుడు అడిగాము?

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.