నిద్ర పట్టుట, నిద్ర లేచుట

శరీరమును నిలుపు మూడు ఊతలలో నిద్ర ఒకటి అని చరక సంహిత చెప్పుచున్నది. తక్కిన రెండు ఆహారము, బ్రహ్మచర్యము. బల్ఖ్ ప్రాంతమున జన్మించి 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహారోగ్యమును మానసికారోగ్యమును ఒకే గ్రంథమున చర్చించి, కారణము తెలిసిన దుఃఖము వేరు, కారణము కానరాని దుఃఖము వేరు అని విభజించెను. నేడు డిప్రెషన్ అని పిలుచు మనోవ్యాకులత అరుదైన వ్యాధి కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారము మన దేశపు వయోజనులలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీనికి లోనైనవారే. అనగా మన తరగతి గదిలో ఇద్దరు ముగ్గురుండుట వింత కాదు. నేను వైద్యుడను కాను, తెలుగు చెప్పువాడను. చికిత్స పొందుచున్న కాలమున రాత్రులను ఎట్లు గడపవలెను అను ఒక్క విషయమును మాత్రము, వైద్యులు చెప్పినదానిని చదివి తెలిసికొన్నంత మేరకు, విద్యార్థుల ముందుంచుచున్నాను.

ఈ వ్యాధిలో నిద్ర పలువిధముల చెడును. కొందరికి ఎంతసేపు పొరలినను కన్ను మూతపడదు. కొందరికి వెంటనే నిద్ర పట్టును గాని, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మరల పట్టదు. ఆ వేళలోనే మనస్సు అన్నిటికంటె బరువుగా ఉండును. మరికొందరు పది పన్నెండు గంటలు నిద్రించియు అలసటతోనే లేతురు. ఈ అతినిద్ర పెద్దలకంటె యువకులలో ఎక్కువ. మన ఇండ్లలో దీనికి పెట్టు పేరు సోమరితనము. ఆ పేరు పెట్టుట సులభము, దానిని మోయుట కష్టము.

మందుల సంగతి కొంత వివరముగా చెప్పవలెను. 1957లో రోలాండ్ కూన్ అను స్విట్జర్లాండు వైద్యుడు ఇమిప్రమిన్ అను ఔషధము విషాదరోగులకు గుణమిచ్చుచున్నదని ప్రకటించెను. 1987లో అమెరికాలో ఫ్లుఆక్సిటిన్‌కు అనుమతి లభించినది. ఈ జాతి మందులలో అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్ వంటివి మగత కలిగించును గనుక సాధారణముగా రాత్రి ఇత్తురు. ఫ్లుఆక్సిటిన్ వంటివి కొందరిలో నిద్రను చెదరగొట్టును గనుక తరచు ఉదయముననే ఇత్తురు. అయితే ఏ మందైనను మనస్సుపై గుణము చూపుటకు రెండు నుండి నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. మేలు ఆలస్యముగా వచ్చును, ఇబ్బంది ముందుగా వచ్చును. ఈ నడుమ కాలమే ప్రమాదకరమైనది.

నా విద్యార్థి ఒకడు హాస్టలులో ఉండి చదువుకొనుచు ఇట్టి చికిత్సలో ఉండెను. మనస్సుకు సంబంధించిన మాత్ర గనుక రాత్రి భోజనానంతరమే వేసికొనవలెనని తనకు తానే నిశ్చయించుకొన్నాడు. ఉన్న కొద్దిపాటి నిద్రయు పోయినది. పదవ దినమున, "సార్, ఈ మందు నాకు పడలేదు, మానివేసినాను" అని చెప్పెను. చీటీ తీసి చూచిన, అందులో ఉదయము అనియే ఉన్నది. మరల వైద్యుని దర్శించి, ఆయన చెప్పినట్లు ఉదయము వేళకు మార్చుకొన్న పిదప కొన్ని వారములకు రాత్రులు కుదుటపడినవి. మందు మానవలసి వచ్చినను, వేళ మార్చవలసి వచ్చినను ఆ మాట వైద్యునిదే కావలెను. హఠాత్తుగా మానిన తల తిరుగుట, భయంకరమైన కలలు, మరింత నిద్రలేమి కలుగుట కద్దు.

ఇక నిద్ర మాట. మన భాషలు ఈ విషయమున చాల తెలివి గలవి. "నేను పడుకొంటిని" అందుము, కాని "నాకు నిద్ర పట్టినది" అందుము. పడుకొనుటకు కర్తను నేను. పట్టుటకు కర్త నిద్ర. ఉర్దూలోను అంతే: "ముఝే నీంద్ ఆయీ", నిద్ర నాకు వచ్చినది. (నీంద్ అను మాటయు మన నిద్ర శబ్దమునుండి పుట్టినదే.) "నిద్రపోయితిని" అనుట లేకపోలేదు గాని, అది మరునాడు చెప్పుకొను మాట. లేచుట యందో, మరల "నేను లేచితిని", "మైఁ ఉఠా". నిద్రను బలవంతముగా తెచ్చుకొనుట మన చేతిలో లేదు. తరిమిన కొలది అది దూరమగును. లేచు వేళ మాత్రము మన చేతిలో ఉన్నది.

ఆశ్చర్యమేమనగా, నిద్రలేమికి మందులేని చికిత్సలో ప్రధాన సూత్రము ఇదియే. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ ప్రతిపాదించిన పద్ధతిలో నియమములు కొద్దియే. రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. నిద్ర వచ్చినప్పుడే పడక చేరవలెను. ఇరువది నిమిషములు గడచినట్లు తోచినను పట్టకున్న లేచి, మసక వెలుతురులో కూర్చుండి, కునుకు వచ్చిన పిదపనే మరల పడుకొనవలెను. గడియారము వంక చూడరాదు. మెలకువగా ఉన్నంతసేపు దేహమున నిద్రావసరము పెరుగుచుండును. ఉదయపు వెలుతురు లోపలి గడియారమును సరిదిద్దును. ఆ గడియారపు యంత్రాంగమును కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమతి లభించినది. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటె ముందుగా ఇట్టి చికిత్సనే చేయవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసినది. పడకపై గడపు కాలమును తగ్గించు పద్ధతియు ఇందులో కలదు గాని, దానిని స్వయముగా ప్రయోగింపరాదు. ఒకప్పుడు కుంగుబాటు, మరొకప్పుడు ఉన్మాదము కలుగువారిలో నిద్ర తగ్గుట ఉన్మాదమును రెచ్చగొట్టగలదు.

హాస్టలు గదిలో మంచమే కుర్చీ, మంచమే బల్ల, మంచమే భోజనశాల. అట్టి మంచమునకు నిద్రతో సంబంధమెట్లుండును? పగలు పరుపు చుట్టివేసి, చాపపై కూర్చుండి చదువుకొని, రాత్రియే పరుపు పరచినచో ఆ సంబంధము కొంత తిరిగి వచ్చును. సెల్‌ఫోను చేతికందని చోట ఉండవలెను. టీలోని కెఫీన్ సగము తగ్గుటకు సుమారు 5 గంటలు పట్టును; సాయంత్రము 6 గంటలకు త్రాగిన ఇరానీ చాయ్ 11 గంటలకు సగము దేహముననే ఉండును.

రంజాన్ మాసమున ఈ నియమములన్నియు తారుమారగును. తరావీహ్ తరువాత ఆలస్యముగా పడుకొని, సహరీకి లేచి, మరల పడుకొనుటతో రాత్రి రెండు ముక్కలగును. మందు తీసికొనువారు నెలవంక కనబడుటకు కొన్ని వారముల ముందే వైద్యుని అడిగి మాత్రల వేళలు నిర్ణయించుకొనవలెను. లిథియం వాడువారు దాహమువలన నీరు తగ్గినచో అపాయము గలదు గనుక వైద్యుని అనుమతి లేక ఉపవసింపరాదు. రోగులకు మినహాయింపు ధర్మమే ఇచ్చినది. దానిని వాడుకొనుట బలహీనత కాదు. దుఆ చేయించుటకు, మాత్ర మింగుటకు నడుమ వైరము లేదు.

నిద్రమాత్రలను గూర్చి స్వల్పముగా. డయాజెపాం, ఆల్ప్రజోలాం వంటివి కొద్దిదినములకు వైద్యుడు ఇచ్చినప్పుడు ఉపకరించును. కొన్ని వారములు వాడినచో దేహము వానికి అలవాటు పడును. 2014 నుండి ఇవి షెడ్యూల్ హెచ్1 క్రింద ఉన్నవి. చీటీ లేక అమ్మరాదు, అమ్మినదానిని దుకాణదారు పుస్తకమున వ్రాయవలెను. స్నేహితుని డబ్బానుండి ఒకటి తీసికొనుట ఈ నియమమునకు అందదు గాని, ప్రమాదము అదియే.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. నిద్ర లేని రాత్రులు ఆత్మహత్యా భావములను పెంచును. అట్టి తలంపు రాత్రి మూడింటికి వచ్చినప్పుడు ఒంటరిగా తెల్లవారు వరకు వేచియుండరాదు. గదిలోని మిత్రుని లేపవలెను, అమ్మీని లేపవలెను, వార్డెనును లేపవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ కేంద్రము 14416 సంఖ్యపై రాత్రింబగళ్ళు తెలుగులో మాటలాడును. హైదరాబాదున ఎర్రగడ్డ ఆసుపత్రియు, విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక చికిత్సాలయమును ఉన్నవి.

మనస్సు తేలికపడిన పిదపయు నిద్ర చెడియే ఉండుట కలదు. వ్యాధి తిరుగబెట్టుటకు అది ఒక సూచన గనుక వైద్యునికి చెప్పక దాచరాదు. "నిద్ర సరిగా లేదండి" అను మాట చాలదు. రెండు వారములు ఒక నోటుపుస్తకమున, ఎన్నింటికి పడుకొంటిమి, సుమారు ఎంతసేపటికి పట్టినది, ఎన్నిమారులు మెలకువ వచ్చినది, ఎన్నింటికి లేచితిమి, పగలు కునుకు తీసితిమా, మాత్ర ఏ వేళకు వేసికొంటిమి అని ఉదయముననే వ్రాసి, ఆ పుట తీసికొనిపోవలెను. నిమిషములు లెక్క తప్పినను చింత లేదు, ఉజ్జాయింపు చాలును.