స్వయంశిక్షణము

పట్టముతో విద్య ముగియునని తలంచు విద్యార్థులు మార్గరెట్ హామిల్టన్ చరిత్రము నెఱుంగవలెను. ఈమె 1936లో అమెరికాయందు జన్మించెను. 1958లో గణితమున పట్టభద్రురాలై, కొంతకాలము ఉన్నత పాఠశాలలో బోధించెను. 1959లో వాతావరణ శాస్త్రజ్ఞుడగు ఎడ్వర్డ్ లోరెంజ్ వద్ద ఉద్యోగమున బ్రవేశించెను. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుటయే సాఫ్టువేరు రచన. ఆ విద్య నామె కళాశాలలో జదువలేదు. పని చేయుచునే నేర్చుకొనెను.

పిమ్మట అపోలో చంద్రయాత్రలకు సాఫ్టువేరు వ్రాసిన బృందమునకు నాయకురాలయ్యెను. 1969 జూలై 20వ తేదీన నౌక చంద్రునిపై దిగుచుండగా కంప్యూటరునకు మోయలేనంత పని కలిగి హెచ్చరికలు వెలువడెను. అయినను ముఖ్యమైన పనులను నిలుపుకొని తక్కినవానిని విడుచునట్లు సాఫ్టువేరు ముందే ఏర్పడియుండుటచే నౌక క్షేమముగా దిగెను. 2016లో అమెరికా అధ్యక్షుడామెకు స్వాతంత్ర్య పతకము నొసంగెను.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు కలవు. మొదటిది, వెనుకటి చదువు వ్యర్థము గాదు; గణితమే ఆమెకు సోపానమయ్యెను. కావున బిడ్డల పట్టమొకటి, వృత్తి వేఱొకటి యైనచో తలిదండ్రులు చింతింప నక్కఱలేదు. రెండవది, స్వయంశిక్షణమున గురువు లేకున్నను పరీక్ష తప్పదు. యంత్రము మన భావమును గాక మనము వ్రాసినదానినే పాటించును. చిన్న లెక్కతో నారంభించి, వ్రాసి, నడిపించి, తప్పు వెదకి, దిద్ది మరల నడిపింపవలెను. దినమున కొక తప్పు దిద్దుకొనువాడు దినమున కొక పాఠము నేర్చినవాడే.