డికెన్స్ ఫెలోషిప్: ఆవిర్భావం, కార్యకలాపాలు, ప్రాముఖ్యం

నిర్వచనం

ఒకే రచయిత జీవితాన్ని, రచనలను అధ్యయనం చేయడానికి, వాటికి ప్రచారం కల్పించడానికి, ఆయనతో ముడిపడిన స్థలాలను పరిరక్షించడానికి పాఠకులు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంస్థను ఏకరచయిత సాహితీ సంఘం అంటారు. విశ్వవిద్యాలయ సాహిత్య విభాగానికీ దీనికీ ప్రధాన భేదం సభ్యత్వంలో ఉంది. విభాగంలో చేరడానికి విద్యార్హత కావాలి, సంఘంలో చేరడానికి పఠనాసక్తి చాలు.

బ్రిటన్‌లో నవలాకారుల పేరిట వెలసిన సంఘాలలో మూడు ప్రముఖమైనవి. వీటిని స్థాపన క్రమంలో గుర్తుంచుకోవాలి.

1. బ్రాంటీ సొసైటీ – 1893
2. డికెన్స్ ఫెలోషిప్ – 1902
3. జేన్ ఆస్టిన్ సొసైటీ – 1940

ఈ మూడు సంఘాల చరిత్రలోనూ ఒక ఇంటి పరిరక్షణ ప్రధాన ఘట్టం. బ్రాంటీ సోదరీమణులకు హోవర్త్‌లోని ఇల్లు, ఆస్టిన్‌కు చాటన్ గ్రామంలోని ఇల్లు, డికెన్స్‌కు లండన్ డౌటీ వీధిలోని ఇల్లు స్మారక నిలయాలయ్యాయి.

నేపథ్యం

చార్లెస్ డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో జన్మించారు. తండ్రి జాన్ డికెన్స్ అప్పులు తీర్చలేక 1824లో లండన్‌లోని మార్షల్సీ జైలు పాలయ్యారు. ఆ కాలంలో పన్నెండేళ్ల చార్లెస్ బూట్‌పాలిష్ తయారుచేసే కార్ఖానాలో పనిచేశారు. బాల్యంలో అనుభవించిన ఈ పేదరికమే ఆయన నవలల్లోని అనాథలకు, రుణగ్రస్తులకు, బాలకార్మికులకు మూలాధారం.

ఆయన మొత్తం నవలలు 15. వీటిలో 14 సంపూర్ణం, ఒకటి అసంపూర్ణం. మొదటిది ‘పిక్‌విక్ పేపర్స్’ (1836–37), చివరిది ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ (1870). పన్నెండు భాగాలుగా తలపెట్టిన ఈ చివరి నవలలో ఆరు భాగాలు మాత్రమే వెలువడ్డాయి. 1870 జూన్ 9న డికెన్స్ మరణించారు. ఆయనను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, కవులకు కేటాయించిన ‘పోయెట్స్ కార్నర్’లో ఖననం చేశారు.

మరణానంతరం ఆయన పాఠకవర్గం విస్తరించడానికి కాపీహక్కుల గడువు కూడా తోడ్పడింది. 1842 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం కాపీహక్కు ప్రచురణ నుంచి 42 ఏళ్లు లేదా రచయిత మరణానంతరం 7 ఏళ్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది వర్తించేది. ఈ లెక్కన 1902 నాటికి ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ (1859) వరకు గల నవలలన్నింటికీ హక్కుల గడువు ముగిసింది. ఎవరైనా ముద్రించుకునే వీలు కలగడంతో చౌక ప్రతులకు మార్గం సుగమమైంది.

స్థాపన, లక్ష్యాలు

డికెన్స్ ఫెలోషిప్ 1902 అక్టోబరు 6న లండన్‌లోని ఫ్లీట్ వీధిలో, ఆండర్టన్ హోటల్‌లో జరిగిన సమావేశంలో ఆవిర్భవించింది. దీని లక్ష్యాలను నాలుగుగా వర్గీకరించవచ్చు.

- సౌహార్దం: డికెన్స్ అభిమానులను స్నేహబంధంతో ఒకచోట చేర్చడం
- మానవసేవ: ఆయన రచనలకు ప్రాణమైన మానవ ప్రేమను వ్యాప్తి చేయడం, పేదలకు తోడ్పడటం
- సంస్కరణ: ఆయన కలం ఎత్తిచూపిన సాంఘిక దురాచారాల నిర్మూలనకు కృషి చేయడం
- పరిరక్షణ: ఆయనతో, ఆయన రచనలతో సంబంధం గల కట్టడాలను, వస్తువులను కాపాడటం

వీటిలో రెండవది, మూడవది ఫెలోషిప్‌కు ప్రత్యేకతను చేకూర్చాయి. రచయితను గౌరవించడమంటే ఆయన విలువలను ఆచరించడమేనని ఈ సంస్థ తొలినాడే ప్రకటించుకుంది.

నిర్మాణం

ఫెలోషిప్‌కు కేంద్ర సంస్థ లండన్‌లో ఉంది. వివిధ దేశాలలోని శాఖలు దీనికి అనుబంధంగా పనిచేస్తాయి. బ్రిటన్ వెలుపల తొలినాళ్లలో వెలసిన శాఖలలో మెల్‌బోర్న్ (1904), టొరంటో (1905), ఫిలడెల్ఫియా (1907) ముఖ్యమైనవి. జపాన్‌లోనూ శాఖ ఉంది. ఏటా ఒక శాఖ ఆతిథ్యమిచ్చే వార్షిక సదస్సుకు వివిధ దేశాల సభ్యులు హాజరవుతారు.

ప్రధాన కార్యకలాపాలు

1. సామూహిక పఠనం: డికెన్స్ నవలలు మొదట ధారావాహికలుగానే వెలువడ్డాయి. ప్రామాణిక మాసవారీ భాగంలో 32 పుటలు, రెండు చిత్రాలు ఉండేవి, వెల ఒక షిల్లింగు. అనేక శాఖలు ఒక నవలను ఎంచుకొని భాగాలుగా చదివి చర్చిస్తాయి. తొలి పాఠకులు ఏ ఉత్కంఠతో తరువాతి భాగం కోసం ఎదురుచూశారో నేటి సభ్యులకు ఈ పద్ధతి అనుభవంలోకి తెస్తుంది. డికెన్స్ స్వయంగా 1858 నుంచి 1870 వరకు పారితోషికంపై బహిరంగ పఠనాలు నిర్వహించారు. అందువల్ల ఆయన రచనలను పైకి చదివి వినిపించడం ఆయన సంప్రదాయానికి కొనసాగింపే.

2. పత్రికా ప్రచురణ: ఫెలోషిప్ పత్రిక పేరు ‘ది డికెన్సియన్’. ప్రారంభం 1905 జనవరి. తొలి సంపాదకుడు బి. డబ్ల్యు. మాట్జ్. ఆయన డికెన్స్ ప్రచురణకర్తలైన చాప్‌మన్ అండ్ హాల్ సంస్థలో పనిచేశారు. మాసపత్రికగా మొదలైన ఇది ప్రస్తుతం ఏడాదికి మూడు సంచికలుగా వెలువడుతోంది. జీవితచరిత్ర, పాఠపరిశోధన, పుస్తక సమీక్షలు, శాఖల వార్తలు ఇందులోని ప్రధానాంశాలు. సామాన్య పాఠకుడూ ఆచార్యుడూ ఒకే పత్రికలో రాయగలగడం దీని విశిష్టత.

3. స్మారక దినాల నిర్వహణ: ఏటా ఫిబ్రవరి 7 జయంతి సందర్భంగా వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని సమాధిపై పుష్పగుచ్ఛం ఉంచుతారు. 2012 ద్విశతజయంతి నాడు ఈ కార్యక్రమంలో నాటి యువరాజు చార్లెస్ పాల్గొన్నారు. జయంతి విందులో రచయిత అమరస్మృతికి గౌరవ వచనం పలకడం ఆనవాయితీ. క్రిస్మస్ వేళ ‘ఎ క్రిస్మస్ కేరల్’ (1843) పఠనాలు జరుగుతాయి.

4. నాటక ప్రదర్శనలు: వీటిలో చిరస్మరణీయమైనది ‘జాన్ జాస్పర్ విచారణ’. అసంపూర్ణ నవలలో ఎడ్విన్ డ్రూడ్ అదృశ్యమవుతాడు. అతని మేనమామ, చర్చి గాయకబృంద నాయకుడు జాన్ జాస్పర్‌పైకి పాఠకుల అనుమానం మళ్లుతుంది. హంతకుడెవరో తేల్చకుండానే రచయిత కన్నుమూశారు. ఈ చిక్కుముడిని విప్పడానికి 1914 జనవరి 7న లండన్ కోవెంట్ గార్డెన్‌లోని కింగ్స్ హాల్‌లో ఫెలోషిప్ ఒక కల్పిత న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసింది. న్యాయమూర్తి జి. కె. చెస్టర్టన్, జ్యూరీ పెద్ద జార్జ్ బెర్నార్డ్ షా. హత్య కాదు, శిక్షార్హమైన నరహత్య అని జ్యూరీ తీర్పు చెప్పింది. న్యాయమూర్తి తననొక్కరినీ మినహాయించి, హాజరైన వారందరినీ కోర్టు ధిక్కారం కింద దోషులుగా ప్రకటించి సభ ముగించారు. ఒక నవలలోని సాక్ష్యాధారాలను అక్షరమక్షరం పరిశీలించేలా పాఠకులను ప్రేరేపించిన ప్రయోగంగా దీనిని పరిగణించాలి.

5. గృహ పరిరక్షణ: ఫెలోషిప్ సాధించిన విజయాలలో ఇది శిఖరప్రాయం. డికెన్స్ 1837 మార్చి నుంచి 1839 డిసెంబరు వరకు లండన్‌లోని 48, డౌటీ వీధి ఇంటిలో అద్దెకు నివసించారు. ఏటా అద్దె 80 పౌండ్లు. ‘పిక్‌విక్ పేపర్స్’ ముగించినది, ‘ఆలివర్ ట్విస్ట్’, ‘నికొలస్ నికల్‌బీ’ రచించినది ఇక్కడే. మరదలు మేరీ హోగార్త్ 17వ ఏట 1837 మేలో మరణించినదీ ఈ ఇంట్లోనే. ఇరవయ్యో శతాబ్ది మూడో దశకంలో ఈ ఇంటికి కూల్చివేత ముప్పు ఏర్పడగా 1923లో ఫెలోషిప్ దీనిని కొనుగోలు చేసింది. 1925 జూన్ 9న మ్యూజియంగా ప్రారంభమైంది. 31 లక్షల పౌండ్ల వ్యయంతో పునరుద్ధరించి 2012 డిసెంబరులో తిరిగి తెరిచారు. 2025తో మ్యూజియానికి నూరేళ్లు నిండాయి. లక్షకు పైగా వస్తువులు గల ఈ మ్యూజియాన్ని ప్రస్తుతం ఒక స్వతంత్ర ట్రస్టు నిర్వహిస్తోంది.

తెలుగుతో సంబంధం

‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ నవలను తెన్నేటి సూరి ‘రెండు మహానగరాలు’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. ‘చెంఘిజ్ ఖాన్’ నవలా రచయిత కూడా ఈయనే. అనువాద సాహిత్యంపై వచ్చే ప్రశ్నలకు ఈ జత ఉపయుక్తం.

ప్రాముఖ్యం

- సాహిత్య వారసత్వ పరిరక్షణ ప్రభుత్వ బాధ్యత మాత్రమే కాదని, పాఠకులు సంఘటితమైతే ఒక చారిత్రక గృహాన్నే నిలబెట్టగలరని నిరూపించింది.
- శతాబ్దానికి పైగా అవిచ్ఛిన్నంగా వెలువడుతున్న పత్రిక ద్వారా పరిశోధకులకు ప్రామాణిక ఆధారాలు సమకూర్చింది.
- సాహిత్య పఠనాన్ని సంఘసేవతో అనుసంధానించింది.

తన పేరిట స్మారక చిహ్నమేదీ నెలకొల్పవద్దని డికెన్స్ వీలునామాలో మిత్రులను కోరారు. తన రచనల ద్వారానే దేశం తనను గుర్తుంచుకోవాలన్నది ఆయన ఆకాంక్ష. ఆయన నిలువెత్తు విగ్రహం బ్రిటన్‌లో తొలిసారిగా 2014లో మాత్రమే, జన్మస్థలమైన పోర్ట్స్‌మత్‌లో వెలసింది. ఈ దృష్టితో చూస్తే పఠనానికి అగ్రస్థానమిచ్చిన ఫెలోషిప్ ఆయన అభీష్టానికి అత్యంత సన్నిహితమైన స్మారకం.

తికమకపడే అంశాలు

- డికెన్స్ ఫెలోషిప్ – డికెన్స్ సొసైటీ: మొదటిది 1902లో లండన్‌లో స్థాపితమైన పాఠకుల సంఘం. రెండవది 1970లో ఏర్పడిన విద్వత్ సంస్థ, దాని పత్రిక ‘డికెన్స్ క్వార్టర్లీ’.
- రెండు మ్యూజియాలు: పోర్ట్స్‌మత్‌లోనిది జన్మగృహం, 1904లో ప్రారంభమైంది. డౌటీ వీధిలోనిది నివాసగృహం, 1925లో ప్రారంభమైంది.
- రాతప్రతులు: నవలల మూల రాతప్రతులలో అధికభాగం డౌటీ వీధిలో కాక, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మిత్రుడు, జీవితచరిత్రకారుడు జాన్ ఫార్స్టర్ సేకరణ ద్వారా అవి అక్కడికి చేరాయి.
- జూన్ 9: ఈ తేదీన మూడు ఘటనలు జరిగాయి. 1865లో స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదం నుంచి డికెన్స్ బయటపడ్డారు, 1870లో మరణించారు, 1925లో మ్యూజియం ప్రారంభమైంది.

సమాధాన రచనకు సూచన

‘సాహితీ సంఘాల పాత్రను వివరించండి’ అనే వ్యాసరూప ప్రశ్నకు పఠనం, ప్రచురణ, స్మరణ, ప్రదర్శన, పరిరక్షణ అనే ఐదు ఉపశీర్షికల కింద రాయాలి. ప్రతి దానికీ ఒక సంవత్సరం, ఒక ఉదాహరణ జోడించాలి. ముగింపులో 1923 నాటి గృహ కొనుగోలును ప్రస్తావిస్తే పాఠకుల సంఘటిత శక్తికి తిరుగులేని నిదర్శనం చూపినట్లవుతుంది.